తప్పుకో!

“నాన్నా, వాళ్ల మోకాళ్లు నా నడుం దాకా ఉన్నాయి!”

ఎనిమిదేళ్ల పిడుగు పడీపడీ నవ్వింది.

నాన్న కూడా నవ్వాడు. ఆయన దర్జీ. పన్నెండేళ్ల పిల్లల జట్టులో అన్నిటికన్నా చిన్న చొక్కా కూడా కూతురికి గౌనులా వేలాడుతుంటే, తనే రెండు పక్కలా లోపలికి మడిచి కుట్టాడు.

“పిల్లకి ఆట ఉంది సార్, ఒళ్లే లేదు. కొన్నాళ్లు తన ఈడువాళ్లతో ఆడనివ్వండి,” అని కోచ్ మొదట్లోనే చెప్పాడు.

“పెద్దవాళ్లతో తలపడితేనే కదండీ రాటుదేలేది!” అని దర్జీ పట్టుబట్టాడు.

భార్య కూడా వద్దంది. ఆమె మాటా చెవిన పెట్టలేదు.

ఈ రోజు ఫుట్‌బాల్ సెమీఫైనల్.

అవతలి జట్టులో గోల్‌కి ముందు కాపలాగా ఒక పొడుగమ్మాయి ఉంది. చూస్తే కాలేజీకి వెళ్లే పిల్లేమో అనిపిస్తుంది.

బంతి పిడుగు కాళ్లకి చిక్కింది. అంతే, దూసుకెళ్లింది. పొడుగమ్మాయి ఎదురొచ్చింది.

“తప్పుకో! తప్పుకో అమ్మా!”

దర్జీ పక్కన నిలబడ్డ ఒకావిడ గొంతు చించుకుని అరిచింది.

పిడుగు తప్పుకోలేదు. పొడుగమ్మాయి పక్కనుంచి చేపపిల్లలా జారిపోయి గోల్ కొట్టింది.

దర్జీ ఎగిరి గంతేసి భార్యకి ఫోన్ చేశాడు.

“ఇప్పుడేమంటావ్? నిచ్చెనంత పిల్లని బోల్తా కొట్టించింది నీ కూతురు!”

ఫోన్ పెట్టేసరికి ఇందాక అరిచినావిడ దగ్గరికొచ్చింది.

“అన్నయ్యా, ఆ పాప మీ అమ్మాయేనా?”

“అవునమ్మా!” అన్నాడు ఛాతీ విరుచుకుని.

“కాసేపు బయట కూర్చోబెట్టండి. ఆ పొడుగమ్మాయి తగిలిందంటే ఈ పసిది తట్టుకోలేదు.”

దర్జీ మొహం మాడిపోయింది.

“ఏం, మీ అమ్మాయిని ఆడించట్లేదా?”

“అది కాదన్నయ్యా, మా అమ్మాయి...”

“తెలుసులెండి. మా పిల్ల బయటికొస్తే ఆ చోటు మీ పిల్లకి దక్కుతుంది. అంతేగా?”

ఆవిడ నోరు తెరిచేలోపు ఈల మోగింది.

సగం ఆటకి విరామమిచ్చారు. పిడుగు గటగటా నీళ్లు తాగి మూతి తుడుచుకుంది.

“ఆ పొడుగక్క మంచిది నాన్నా. నన్ను చూసి నవ్వింది.”

“భయపడి నవ్వుంటుందిలే.”

“పాపం, వాళ్ల కోచ్ తిట్టాడు. ఇంత చిన్నపిల్లని ఆపలేవా అన్నాడు.”

“తిట్టడూ మరి!”

ఆట మళ్లీ మొదలైంది. మళ్లీ బంతి పిడుగుకే దొరికింది. మళ్లీ పొడుగమ్మాయే ఎదురు.

“తప్పుకో అమ్మా, తప్పుకో!”

పిడుగు ఈసారీ తప్పించుకుని వెళ్లింది. కానీ బంతి గోల్ కంబానికి తగిలి వెనక్కొచ్చింది.

దర్జీకి ఒళ్లు మండిపోయింది.

“మీకసలు బుద్ధుందా? పిల్ల మంచి ఊపు మీదుంటే తప్పుకో తప్పుకో అని బెదరగొడతారా? చంటిపిల్ల మీదా మీ ఏడుపు?”

“నేను అరిచింది...”

“ఇంకొక్క మాట మాట్లాడారంటే బాగుండదు!”

నిర్వాహకుణ్ణి కేకేశాడు. చుట్టుపక్కల వాళ్లూ దర్జీకే వంత పాడారు. నిర్వాహకుడు ఆవిణ్ణి గేటు వైపు నడిపించాడు.

ఆవిడ గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించింది.

“దండం పెడతానన్నయ్యా, పాపని బయటికి పిలవండి.”

దర్జీ మొహం తిప్పుకున్నాడు. గేటు మూసుకుంది.

కాసేపటికి బంతి మళ్లీ పిడుగు దగ్గరికొచ్చింది.

“ఈసారి వదిలావంటే రేపట్నించి ఆటకి రాకు! అడ్డుపడు!” అవతలి కోచ్ గావుకేక పెట్టాడు.

పొడుగమ్మాయి ఒక్క క్షణం జనం వైపు చూసింది. ఎవరికోసమో వెతికింది. తర్వాత బంతి మీదికి ఉరికింది.

ఒక చప్పుడైంది.

అది బంతిని తన్నిన చప్పుడు కాదు.

చప్పట్లు కొట్టబోయిన దర్జీ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. పిడుగు ఏడవడం లేదు. కళ్లు పెద్దవి చేసుకుని తన కాలునే చూసుకుంటోంది. అది వంగకూడని చోట వంగి ఉంది.

ఆయన మైదానంలోకి పరుగెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూశాడు.

“ఎముక ఎదిగే చోటే విరిగింది. నడుస్తుంది. ఆట సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను.”

దర్జీ భార్య ఆయన మడిచి కుట్టిన చొక్కాని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిట్టుంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక, బురద బట్టలతో పొడుగమ్మాయి వచ్చింది. దగ్గర్నుంచి చూస్తే అదీ చిన్నపిల్లే. మొహంలో ఇంకా పాలుగారే పసితనం.

దర్జీ చివాల్న లేచాడు.

“కళ్లు కనిపించలేదా నీకు? పసిపిల్లని అలా తొక్కేస్తావా?”

“ముందు రెండుసార్లూ కావాలనే వదిలేశానంకుల్,” వెక్కుతూ చెప్పింది. “కోచ్ తిట్టినా వదిలేశా. పాప వస్తే ఓడిపోయినా సరే పక్కకి జరగమని అమ్మ చెప్పింది. ఎదురెళ్లినప్పుడల్లా అరుస్తూనే ఉంది. చివర్లో... చివర్లో అమ్మ గొంతు వినపడలేదు.”

“మీ... మీ అమ్మ ఎవరు?”

ఆ పిల్ల వరండా చివరికి చెయ్యి చూపించింది.

దగ్గరికి రావడానికి ధైర్యం చాలక, కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది, ఎవరి బిడ్డనో కాపాడడానికి సొంత బిడ్డని ఓడిపొమ్మన్న ఆ తల్లి.