మూసిన మైకు

బ్యాండు పెట్టి పదేళ్లయిన సందర్భంగా రెన్ నగర మైదానంలో కచేరీ. పాత స్వింగ్ పాటలకు యంత్రం మీద కొత్త దరువు కట్టే తిబో, క్లారినెట్ వాయించే ఎలొడీ పక్కన, వేదిక వెనక కూర్చున్నాడు. ఇక దాచలేక నోరు విప్పాడు.

"రెండేళ్లుగా నీ మైకు మూసేసి ఉంచుతున్నాను ఎలొడీ. నా యంత్రంలోంచి జనం వింటున్నది మన మొదటి ఆల్బంలో నువ్వు వాయించింది."

ఆమె గాలెట్ అట్టు తింటూనే ఉంది. "ఎందుకు?"

"నాంత్ కచేరీలో నీ వేళ్లు వణికాయి, పాట చెదిరిపోయింది. తిరుగు రైల్లో 'బాగా వాయించానా' అని అడిగావు. బాగుందన్నాను. ఆ తర్వాత నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు."

"మిగతావాళ్లకి?"

"అందరికీ తెలుసు, నీకు తప్ప." తిబో ఆమెవైపు తిరిగాడు. "తిట్టు, పడతాను. ఇవాళ మాత్రం మైకు తెరుస్తాను. వేళ్లు వణికినా సరే, జనం నిన్నే వినాలి."

"అంత పని చెయ్యకు నాయనా," అంటూ ఎలొడీ తన క్లారినెట్ అతని చేతిలో పెట్టింది.

తిబో దాన్ని తిప్పి చూశాడు. నోట పెట్టుకునే చోట, ఊదితే పలికే రెల్లు బద్ద లేదు. అది లేనిదే క్లారినెట్ మోగదు.

"నాంత్ తర్వాత మొదటి కచేరీలోనే నా పాత ఊపిరి గుర్తుపట్టాను. మర్నాడే ఆ బద్దని తీసేశాను," అంది ఎలొడీ. "నాకు తెలుసని నీకు తెలిస్తే, నన్ను బ్యాండులోంచి పంపించేస్తావని భయపడ్డాను."

బయట జనం ఆమె పేరే పిలుస్తున్నారు. తిబో క్లారినెట్ తిరిగి ఇచ్చేసి, తన యంత్రం దగ్గరికి నడిచాడు.