దేవిని చూసే రోజు

శనివారం నూకాలు చేపల గంప ఎత్తదు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, జాలారిపేటలో బస్సెక్కి రుషికొండలో దిగుతుంది. దేవిని చూసే రోజది.

ఏడాదిన్నర దాకా దేవి అందరు పిల్లల్లాగే ఉండేది. "అమ్మ" అంది. "బువ్వ" అంది. తర్వాత ఒక్కో మాటా పోయింది. చేతులు నలుపుకుంటూ కూర్చునేది. ఈడు పిల్లలతో కలిసేది కాదు.

"నీ కడుపులోనే ఏదో దోషం ఉంది" అని మొగుడు దుర్గారావు ఇంకో ఆమెతో వెళ్లిపోయాడు.

పరీక్షలు చేస్తే, జన్యువులో ఒక్క అక్షరం తప్పిందని తేలింది. అది తల్లి నుంచి రాలేదు, తండ్రి నుంచీ రాలేదు, బిడ్డలోనే కొత్తగా పుట్టిందన్నారు. వినడానికి దుర్గారావు రాలేదు. నా తప్పు కాదంట అని చెప్పుకుందామన్నా నూకాలుకి ఇంట్లో మనిషి లేడు.

మల్కాపురంలో ఉండే అక్క అసిరమ్మ మాత్రం, "ఇంకా ఏటే ఆ తిరుగుడు? ఒగ్గెయ్" అంది. ఆ తర్వాత అక్క ఫోనూ లేదు.

ఆ జబ్బు మీద పరిశోధన చేసే అనూరాధ ఇవాళ నూకాలుని తలుపు దగ్గరే ఆపింది.

"ఈ వారమే ఆఖరు, నూకాలమ్మా. ఇక మీదట బయటివాళ్లని రానివ్వొద్దన్నారు పెద్దసారు."

"కన్నతల్లి బయటిదవుతాదా మేడమ్?"

అనూరాధ తలుపుకి అడ్డం తొలగింది.

"శనివారం ఒకటుందని మిగతా ఆరు రోజులూ ఎలగోలాగ గడిపేత్తన్నాను. అదీ లేపోతే నానేటి సెయ్యాల?"

అనూరాధ లోపలికెళ్లి గౌనూ టోపీ తెచ్చిచ్చింది. నూకాలు చెప్పులు విడిచి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది.

"ముట్టుకోను. సూత్తానంతే. గుంటకి తిండి ఒంటబడతందా?"

"టైముకి పెడుతున్నామమ్మా."

"ఏసీలో సలేత్తాదేమో."

"లేదు. వెచ్చగానే ఉంచాం."

"మరి పక్కోళ్లతో కలుత్తందా?"

అనూరాధ గొంతు తగ్గింది. "కొత్త మందు మొదలెట్టాక కలుస్తోంది. నువ్వే చూడు."

నూకాలు వంగింది. ఊపిరి తగులుతుందేమోనని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నానేనే, అమ్మని," అంది మెల్లగా. "ఎంత పెరిగిపోయావే!"

మైక్రోస్కోపు కింద గాజు గిన్నెలో, పోయినేడు ఫిట్స్‌తో చనిపోయిన దేవి చర్మపు ముక్క నుంచి పెంచిన మెదడు కణాలు ఒకదాని వైపు ఒకటి సన్నటి పోగులు చాచుకుంటున్నాయి.