ఇష్టపడి వెళ్లినవాళ్లు

"మళ్లీ సున్నాయేనా?" జవాబుపత్రాలు దిద్దుతున్న కూతుర్ని అమ్మ నిలదీసింది.

"వేరే భాషవాళ్లను సైన్యం తరిమేసిందని రాసిందీ పిల్ల. పాఠంలో ఇష్టపడి వెళ్లారనే ఉంది. చరిత్ర టీచర్ని నేనా, నువ్వా?"

"నీ పాఠం తగలెయ్య! నా కళ్లతో చూశానే."

"నన్ను కన్నావిడా వాళ్లతో ఇష్టపడే పోయిందిగా, నన్ను నీ ఒళ్లో పడేసి. ఇంక ఆవిడ ఊసెత్తకు."

"ఎత్తుతాను. ఈసారి నోరు మూసుకుని విను. చంటిపిల్లలు ఏడిస్తే లారీలోంచి విసిరేస్తామన్నారు సైనికులు. అందుకే ఆవిడ నిన్ను నాకందించింది. లారీ కదిలినా నీ కాలు వదల్లేదు. ఆ వేళ్లు నేనే విడదీశాను."

ఎర్ర పెన్ను ఆ పిల్ల జవాబు మీదే ఆగిపోయింది. కూతురు తలెత్తకుండానే, ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది అడిగింది.

"ఆవిడ పేరేంటి?"