కేకుకు కృతజ్ఞతలు

"మీటింగు ఇంకా మొదలే కాలేదు. ఈ మినిట్స్ ఎప్పుడు రాశావమ్మా బెవర్లీ?"

హిల్డా చేతిలోని కాగితం చూసి, సభలో జరిగింది రాసిపెట్టే గుమాస్తా బెవర్లీ తల దించుకుంది. హిల్డా పదకొండేళ్లుగా ఆ హైస్కూలు పాలకమండలిలో జీతం లేని సభ్యురాలు. ఇవాళ తేల్చాల్సింది ఒక్కటే: బడిలో బ్యాండు క్లాసు ఉంచాలా, ఎత్తేయాలా. మిల్లులు మూతపడ్డ ఆ యార్క్‌షైర్ ఊళ్లో మిగిలింది బ్యాండొక్కటే.

"ఊరికే ముసాయిదాలే హిల్డా," అన్నాడు అధ్యక్షుడు గోర్డన్. ఆమెను బతిమాలి మండలిలోకి తెచ్చింది అతనే. "పని తొందరగా తెములుతుందని."

హిల్డా పైకి చదివింది. "'హిల్డా గారు మొదట గట్టిగా వ్యతిరేకించారు. అధ్యక్షులు నచ్చజెప్పాక అంగీకరించారు.' నేనింకా నోరే విప్పలేదు గోర్డన్!"

"నువ్వెప్పుడూ అంతేగా! కాసేపు అరుస్తావు, ఆనక సరేనని చెయ్యెత్తుతావు. అడిగేవాళ్లు ఒకరున్నారని తల్లిదండ్రులకూ తృప్తి. అందుకేగా నిన్ను వదులుకోలేదు?"

మెచ్చుకుంటున్నట్టే నవ్వాడు. హిల్డాకు లైబ్రరీ మూసిన రోజు, ఈత పాఠాలు ఆపిన రోజు గుర్తొచ్చాయి. రెండుసార్లూ అరిచింది. రెండుసార్లూ చెయ్యెత్తింది. పోట్లాడుతున్నాననుకుంది ఇన్నాళ్లూ.

కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది: 'నిమ్మకాయ కేకు తెచ్చినందుకు హిల్డా గారికి సభ కృతజ్ఞతలు తెలిపింది.'

టీ కప్పుల పక్కన తను పెట్టిన కేకు డబ్బాకు ఇంకా మూతైనా తీయలేదు. హిల్డా దాన్ని ఒళ్లోకి లాక్కుని, తన కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"'హిల్డా గారు గట్టిగా వ్యతిరేకించారు' అన్న వాక్యం ఒక్కటీ ఉంచమ్మా బెవర్లీ. మిగతావి కొట్టెయ్. కేకుతో సహా."