తప్పుకోని వైఫై

వాతావరణ రాడార్ తెర మీద నెల రోజులుగా తూర్పువైపు ఒక తెల్లటి చార పడుతోంది. నిన్న ఆ చార మాటున పెరిగిన గాలివాన ఎవరి కంటా పడలేదు. హెచ్చరిక అందక వేటకెళ్లిన పడవల్లో ఏడుగురు తిరిగి రాలేదు.

రాడార్ ఉద్యోగిని ఆ చారకు కారణమైన సిగ్నల్ జాడ పట్టుకుని, తన వీధిలోనే ఉన్న ఒక మేడ మీదికి వెళ్లింది. అక్కడ వీధి ఇళ్లకు నెట్ ఇచ్చే వైఫై పెట్టె బిగించిన మెకానిక్‌ను పిలిపించి నిలదీసింది.

"లైసెన్సు లేని వైఫై, రాడార్ సిగ్నల్ తగలగానే చానెల్ మార్చుకుని తప్పుకోవాలి కదా. ఆ ఏర్పాటు ఎందుకు తీసేశావయ్యా?"

"చానెల్ మారినప్పుడల్లా నెట్ ఆగిపోతోందని ఒకావిడ రోజూ ఫోన్లో దులిపేసేవారండీ."

"ఎవరావిడ?"

"ఆ గొంతు మీదేనండీ."

ఆమె గబగబా మెట్లు దిగిపోయింది.

సాయంత్రం రిపోర్టులో అతని పేరొక్కటే రాసింది.