నామోషీ

తడి దుప్పటి లాగబోయి కొత్తవాడు వేడి గొట్టం మీద చెయ్యి వేశాడు.

"అమ్మో!" అని కేక పెట్టాడు, తన భాషలో.

ఆ ఆసుపత్రి లాండ్రీలో యంత్రాల హోరుకి పక్కవాడి మాటే వినపడదు. అయినా ఇస్త్రీ బల్ల దగ్గరున్న ఆవిడ పరుగున వచ్చింది. అతని చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టింది. కాలిన చోట తన దగ్గరున్న మందు రాసింది.

అతను నొప్పి మరిచిపోయి ఆమె ముఖంలోకి చూశాడు. ఎరిగున్న ముఖం కాదు. కానీ ఆ పోలికలు తనవాళ్లవే.

"మీదీ మా దేశమే కదూ అక్కా?"

ఆమె ఒకసారి తలుపు వైపు చూసింది.

"ఇక్కడి భాషలో మాట్లాడు," అంది, తనూ ఇక్కడి భాషలోనే. "త్వరగా నేర్చుకో. బతకాలి కదా."

అంతే. వెళ్లి తన పనిలో పడింది.

దుప్పట్లు మడతపెట్టే ముసలాయన నవ్వాడు. ఆయనదీ కొత్తవాడి దేశమే.

"పోయి పోయి దొరసానితో పెట్టుకున్నావా? ఇన్నేళ్లలో మన మాట ఒక్కటి ఆ నోట్లోంచి ఊడిపడితే ఒట్టు. మన భాషంటే నామోషీ. అందుకే ఆ పేరు పెట్టాం."

కొత్తవాడికి మనసు చివుక్కుమంది.

స్వదేశంలో అతని భార్యను అధినేత సైనికులు నడివీధిలోంచి లాక్కుపోయారు. ఎక్కడుందో అడగడానికి వెళ్లిన మామగారు కూడా మళ్లీ ఇల్లు చేరలేదు. కూతుర్ని భుజాన వేసుకుని సరిహద్దు దాటి వచ్చాడు.

ఇక్కడ ప్రాణభయం లేదు. పలకరించే దిక్కూ లేదు.

ఆ ఉన్న ఒక్క కూతురు కూడా బడిలో చేరినప్పటి నుంచి దూరమవుతోంది. అతను తన భాషలో అడిగితే అది ఇంకో భాషలో జవాబు చెప్పేది. అర్థమైనట్టు తలూపేవాడు.

బడికి సెలవిచ్చిన రోజు పిల్లను పనికి తీసుకొచ్చాడు.

"ఆకలేస్తోందా తల్లీ?"

"ఆ భాష నాకొద్దు," అంది పిల్ల, బడి భాషలో. "అందరూ నవ్వుతారు."

ఆ మాత్రం అతనికీ అర్థమైంది. చెయ్యెత్తాడు.

దొరసాని అడ్డం వచ్చి పిల్లను దగ్గరకు తీసుకుంది. ముందుకు వంగి ఏదో చెప్పబోయింది. పెదాలు కదిలాయి. మళ్లీ తలుపు వైపు చూసి నోరు మూసుకుంది.

అతనికి ఒళ్లు మండింది.

"మీలాంటి వాళ్లను చూసే ఇది ఇలా తయారైంది! మిమ్మల్ని మీ అమ్మ ఏ భాషలో జోకొట్టిందండీ? చిన్నపిల్ల, దానికో మంచి మాట చెప్పడానికి కూడా నోరు రాదా?"

ఆమె ముఖం పాలిపోయింది.

"పాపను కొట్టకు," అంది. అదీ ఇక్కడి భాషలోనే.

ఆ రోజు నుంచి అతను ఆమె వైపు చూడటం మానేశాడు. టీ వేళకి ఆమె అతని కోసం ఒక కప్పు తెచ్చి మెషీను పక్కన పెట్టేది. ఆమె చూస్తుండగానే దాన్ని తూములో ఒంపేసేవాడు.

చలి ముదిరాక ఆమెకు దగ్గు పట్టుకుంది. తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గర ఇంకెవరో కనిపించారు.

"దొరసాని పైవార్డులో ఉందట. ఒకసారి చూసొద్దామా?" అన్నాడు ముసలాయన.

"వెళ్తే మాత్రం మాట్లాడుతుందా ఏంటి?" అన్నాడు కొత్తవాడు.

పైవార్డు నుంచి మాసిన దుప్పట్లు బండ్లకొద్దీ దిగుతూనే ఉన్నాయి. వాటిలో ఆమెది ఏదో అతనికి తెలియదు. అన్నిటినీ ఒకేలా ఉతికి పైకి పంపాడు.

ఒక ఉదయం సూపర్‌వైజర్ పిలిచాడు. "మీ దేశం ఆవిడ పోయింది. తన వాళ్లంటూ ఎవరో ఒకరు ఉండాలి కదా, వెళ్లు."

ఆసుపత్రి వెనక చిన్న గది. పెట్టె మూసేసి ఉంది. పక్కన అతను ఎప్పుడూ చూడని ఒక పెద్దాయన, చేతికర్రతో. ఇంకెవరూ లేరు.

"నువ్వు ఆమెతో పనిచేసేవాడివా నాయనా?" తమ భాషలో అడిగాడాయన.

"అవునండీ. కానీ మాటల్లేవు. ఆవిడకు మన భాషంటే నామోషీ."



"నామోషీ కాదురా అబ్బాయ్," అన్నాడు పెద్దాయన. " అధినేత మనుషులకు ఆమె ముఖం తెలీదు, పేరు తెలీదు. గొంతొక్కటే తెలుసు. మన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, ఆనవాలు పట్టేస్తారు. అక్కడ ఆమెతో పనిచేసిన ఇద్దర్ని ఈ దేశం దాకా వచ్చి చంపిపోయారు."

"కనీసం ఒక్కతే ఉన్నప్పుడైనా...?"

"అదీ లేదు. నా దగ్గర కూడా నోరు విప్పేది కాదు, గోడలు పలచన అనేది."

"అంత తెలిసిన గొంతా అండీ ఆవిడది?"

 పెద్దాయన ఫోన్ తీసి ఏదో నొక్కి అతని చేతిలో పెట్టాడు.

గరగరమని చప్పుడు. దాని వెనక నెమ్మదిగా ఒక ఆడగొంతు.

"కిటికీలు వేసుకున్నారా? పిల్లలు పడుకున్నారా? మరేం భయం లేదు, నేనున్నాను. ఇవాళ వాళ్లు పట్టుకుపోయిన మనవాళ్ల పేర్లు చదువుతాను, వినండి..."

అతను ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

వింటే జైలని తెలిసి కూడా దేశమంతా తలుపులు బిగించుకుని విన్న గొంతు, చిన్నప్పుడు నాన్న దుప్పటి ముసుగేసి, రేడియోను తన చెవికి ఆనించి, "విను నాన్నా, నిజం చెప్పే మనిషి మనకింకా ఒకరున్నారు" అంటూ వినిపించిన గొంతు, దొరసానిది.