తెల్లబడిన తెర

మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా నాది. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు చస్తాయి, నా ఉద్యోగం పోతుంది. వాటిని చూపించే కంప్యూటర్ షెడ్డులో ఉంది. పొద్దుగూకితే దాని తెర రంగు దానంతటదే నలుపుకి మారుతుంది, తెల్లారితే తెలుపుకి. రాత్రిపూట తెర వెలుగు అద్దం మీద పడకుండా నల్లగా ఉంటేనే కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది.

ఆ రాత్రి రెండు గంటలకు తెర తెల్లబడింది. కిటికీ అద్దంలో నా మొహం తప్ప ఏమీ కనిపించలేదు. కంప్యూటర్ బిగించిన డేనియల్‌కి ఫోన్ చేశాను.

"అర్ధరాత్రి దానంతటది మారదండి, సిస్టమ్‌లో రంగు మారిస్తేనే మారుతుంది. ఎవరో మార్చుంటారు."

"ఇక్కడ నేనొక్కణ్ణే కదయ్యా."

"అయితే మీరేనండి బాబాయ్‌గారూ, నిద్రమత్తులో."

నవ్వి పెట్టేశాడు. నన్ను సాగనంపడానికి ఓనరు ఆడిస్తున్న నాటకమనుకున్నాను. ఏడో తరగతితో ఆపేసిన నాకు ఏం తెలుస్తుందని వాళ్ళ ధీమా.

తెరని నేనే నలుపు చేశాను. కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ తెల్లబడింది. బయట ఒక ఏరియేటర్ చప్పుడు ఆగిపోయింది. ఇంకోసారి నలుపు చేశాను. ఇంకోసారి తెల్లబడింది, రెండోదీ ఆగింది. నేను బయటికి చూడటం ఎవరికో ఇష్టం లేదు.

ఈసారి తెర మీద తువ్వాలు కప్పి, అద్దానికి మొహం ఆనించాను. చీకట్లో గట్టు కనిపించింది. గట్టు మీద ఎవరూ లేరు.

అంతలో గదంతా తెల్లగా వెలిగింది. అద్దంలో నా తువ్వాలు కనిపించింది. కుర్చీ మీద, నీటుగా మడతపెట్టి ఉంది.